సౌతాల్ సంతలో డొంబు బిడ్డ

మా అమ్మ ఉప్పు మోసింది. శృంగవరపుకోటలో సావుకారు దగ్గర అప్పుకి ఉప్పూ ఎండుచేపలూ ఎత్తుకుని, ఘాటీ ఎక్కి, అరకు లోయలో సంతసంతకీ తిరిగేది. కొండోళ్ళకి సోలెడు ఉప్పిచ్చి చింతపండో పసుపో వలిసెలో పుచ్చుకునేది. మేం డొంబులం. కొలతలో దగా చేస్తామని మా మీద మాట. అబద్ధమని అనను. సోలలో బొటనవేలు పెట్టి కొలవడం మా అమ్మ దగ్గరే చూశాను. ఆ వేలు మిగిల్చిన ఉప్పు ఎంత సావుకారు వడ్డీకి పోయిందో మాత్రం ఎవరూ రాయలేదు.

మమ్మల్ని ముట్టుకుంటే మైలనేవాళ్ళు కొండ మీదా ఉన్నారు. సంతలో టీ కొట్టతను అమ్మకి చిల్లర చేతికిచ్చేవాడు కాదు. బల్ల మీద పడేసేవాడు. అమ్మ ఏరుకునేది.

2023లో లండన్‌లో నర్సు పని చేస్తున్న మా అమ్మాయి దగ్గరికెళ్ళాను. ఆశ్రమ పాఠశాలలో పంతులమ్మగా రిటైరయిన దాన్ని, మ్యూజియాలు చూపిస్తానంది. ‘సంతేదైనా ఉంటే చూపించవే’ అన్నాను. 207 నెంబరు బస్సెక్కించి సౌతాల్ తీసుకెళ్ళింది.

అక్కడి రైల్వేస్టేషను బోర్డు మీద ఇంగ్లీషు కింద పంజాబీ అక్షరాలున్నాయి. బ్రాడ్‌వే రోడ్డంతా కాకరకాయలు, మెంతికూర కట్టలు, బాణల్లో జిలేబీ, సల్వారు గుడ్డలు, బంగారం కొట్లు. ‘కిన్నే దా?’ అని బేరాలు. మా ఆదివాసీ ఒడియాలో ‘కెతే?’ అంటాం. నా కాళ్ళకి ప్రాణం లేచొచ్చింది.

ఈ బజారు ఊరికే రాలేదు. 1950లలో ఫ్యాక్టరీ కూలికొచ్చిన పంజాబీలు నిలబెట్టుకున్నది. 1976లో గుర్దీప్ సింగ్ చగ్గర్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి ఇక్కడే పొడిచి చంపారు. 1979 ఏప్రిల్ 23న నేషనల్ ఫ్రంటుని అడ్డుకోవడానికి జనం వీధిలోకొస్తే, పోలీసు దెబ్బకి బ్లెయిర్ పీచ్ అనే టీచరు చచ్చిపోయాడు. తెల్లోడి ముందు వీళ్ళంతా ఒకటే రంగు. అయినా సింగ్ సభ గురుద్వారా వేరు, రాంగఢియాలది వేరు, రవిదాసీలది వేరు, వాల్మీకుల గుడి వేరు. ఒక్క ఊళ్ళో ఎన్ని వాడలో చూడండి!

ఒక కొట్లో అరకిలో చింతపండు దిమ్మ తీసుకున్నాను. కొట్టు ముసలాయన హిందీలో ఏ ఊరన్నాడు. ఆంధ్రా అన్నాను. నవ్వుతూనే, ఏ జాతన్నాడు. ‘వాల్మీకి’ అన్నాను. సర్టిఫికెట్లో మా పేరదే. డొంబు అన్న తిట్టు ఆ పేరుతో పోతుందని మా నాన్న నమ్మేడు. ముసలాయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. చిల్లర బల్ల మీద పెట్టాడు.

‘ఇక్కడందరికీ అలాగే పెడతారమ్మా’ అంది అమ్మాయి. అయ్యుండొచ్చు. నా ముందతనికి చేతికే ఇచ్చాడు మరి.

కులాన్ని వివక్ష చట్టంలో చేర్చాలని 2013లో బ్రిటిష్ పార్లమెంటు ఒప్పుకుంది. 2018లో ప్రభుత్వం అక్కర్లేదు, కోర్టు తీర్పులు చాలు అనేసింది. ఆ బల్ల మీద చిల్లరకి ఏ కోర్టుకి పోను?

వాల్మీకి గుడి దగ్గర ఒకామె పలకరించింది. హీత్రూ విమానాశ్రయంలో పాతికేళ్ళు నేల తుడిచిందట. పంజాబులో వాళ్ళమ్మ పాయిఖానాలు ఎత్తిందట. ‘మీరూ అదే పనా?’ అంది. కాదు, ఉప్పు అన్నాను. ఏజెన్సీలో మేం ఎస్టీలం, కొండ దిగితే పైడోళ్ళని ఎస్సీలు, సరిహద్దు దాటితే కోరాపుట్‌లో మా పిన్ని డొంబు, ఆవిడా ఎస్సీయే అని చెప్పాను. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. ‘మాకిన్ని పేర్లు లేవు బెహన్, చీపురొకటే’ అంది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి టీ ఇచ్చింది.

ఇంటికొచ్చాక చింతపండు దిమ్మ వంటింటి కాటా మీద పెట్టాను. ‘ఏటమ్మా ఇది’ అంది అమ్మాయి. అయిదొందల ఆరు గ్రాములు, కాగితంతో కలిపి.