చేతులెత్తమనే యంత్రం

డాలస్ నుంచి

వదినా,

క్షేమంగా చేరాను. ఇక్కడి రోడ్లూ, మనవాళ్ల గుళ్లూ, దుకాణాల సంగతులు ఇంకో ఉత్తరంలో రాస్తాను. మీరు వచ్చే వేసవిలో బయల్దేరుతున్నారు, మనిద్దరికీ ఉన్నది ఒకటే కీళ్లవాతం. అందుకని దారిలో సెక్యూరిటీ తనిఖీల దగ్గర చూసిన వింతలే ముందు చెబుతాను.

మన జబ్బు పైకి కనిపించదు. చేతికర్ర లేదు, కట్టు లేదు. చెయ్యి చెవి దాకా లేవదనీ, మణికట్టు మీద బరువు పడితే ప్రాణం విలవిల్లాడుతుందనీ ఎదుటివాళ్లకెలా తెలుస్తుంది? బ్యాగు ఎత్తి ట్రేలో పెట్టడం ఆలస్యమైతే వెనకవాళ్లు విసుక్కుంటారు. చక్రాల కుర్చీలో వచ్చి తనిఖీ ద్వారం దగ్గర లేచి నిలబడితే, నడవగలదుగా అన్నట్టు చూస్తారు. నాలుగడుగులు వేయగలగడం వేరు, ముప్పావుగంట వరుసలో నిలబడటం వేరు.

మొదటి వింత లండన్ గాట్విక్ విమానాశ్రయంలో చూశాను. సహాయం కోసం వెళ్తే మెడలో వేసుకునే ఆకుపచ్చ పట్టీ ఒకటి ఇచ్చారు. దాని నిండా పొద్దుతిరుగుడు పూలు. పైకి కనిపించని ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం ఈ ఏర్పాటు 2016లో అక్కడే మొదలైంది. తర్వాత ఎన్నో దేశాలకు పాకింది, మన బెంగళూరు విమానాశ్రయానికీ వచ్చింది. డబ్బు తీసుకోరు. జబ్బేమిటని నిలదీయరు. కాగితం చూపమనరు. వదినా, నాకు నమ్మబుద్ధి కానిది ఇదే. సదరం సర్టిఫికెట్ కోసం మన దగ్గర జనం ఎన్ని క్యాంపులు తిరుగుతారో, వైకల్యం 40 శాతం రాలేదని ఎలా ఉసూరుమంటూ వస్తారో మీరు చూశారు. పింఛనుకు లెక్కలు కావాలి, ఒప్పుకుంటాను. కానీ నాకు కాస్త సమయం ఇవ్వండి అని అడగడానికి శాతం ఎందుకు? ఆ పట్టీ వేసుకున్నంత మాత్రాన తనిఖీ తప్పదు, వరుస దాటి ముందుకు పంపుతారనే హామీ లేదు. అక్కడ పనిచేసే అమ్మాయి పట్టీ చూసి, బ్యాగు తానే ఎత్తి ట్రేలో పెట్టింది. వెనకవాళ్లను పక్క బెల్టుకు పంపింది. నాకు అంతకన్నా ఏం కావాలి!

రెండో వింత న్యూయార్క్‌లో. బయటి దేశం నుంచి దిగినవాళ్లు అక్కడ సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, దేశం లోపలే తిరిగే విమానం ఎక్కడానికి మళ్లీ తనిఖీకి వెళ్లాలి. అక్కడ అద్దాల గదిలాంటి యంత్రం ఉంది. నేల మీద గీసిన పాదాల గుర్తుల్లో కాళ్లు పెట్టి, రెండు చేతులూ తలపైకెత్తి కొన్ని సెకన్లు కదలకుండా నిలబడాలి. ఎక్స్‌రే కాదు. మిల్లీమీటరు తరంగాలు బట్టల గుండా వెళ్లి ఒంటిని తాకి తిరిగొస్తాయి. తెర మీద మన రూపం కనిపించదు, ఒక గీతల బొమ్మ మాత్రమే. అనుమానం ఉన్నచోట దాని మీద గడి పడుతుంది. బట్టల కింద దాచినదాన్ని పట్టే ఆ యంత్రానికి భుజంలో నొప్పి మాత్రం తెలియదు.

చేతులెత్తలేనివాళ్లకు వేరే తనిఖీ చేయాలన్నది వాళ్ల నియమమే. అందుకే అడుగు లోపల పెట్టకముందే చెప్పేశాను. ఒక ఆడ అధికారి వచ్చి చేత్తో తడిమి చూసింది. ఎక్కడ చెయ్యి వేయబోతోందో ముందే చెప్పింది, నొప్పి ఎక్కడో అడిగింది. నిలబడలేకపోతే కూర్చుంటానని చెప్పొచ్చు. విడిగా గదిలో చూడమనొచ్చు, మనవాళ్లలో ఒకరిని తోడు తీసుకెళ్లొచ్చు. మన విమానాశ్రయాల్లో ఆడవాళ్లను తెర వెనక చిన్న పీట మీద నిలబెట్టి చేతులు చాపమంటారు కదా, అక్కడ కూడా ముందే నోరు విప్పండి. మొహమాటపడి చెయ్యి లేపారా, ఆ రాత్రంతా నిద్ర ఉండదు.

చెప్పినా వినని సందర్భాలున్నాయి. 'మయూరి' సినిమాలో తన కథలో తానే నటించిన సుధాచంద్రన్, విమానాశ్రయాల్లో కృత్రిమ కాలు విప్పమంటున్నారని 2021 అక్టోబరులో ప్రధానికి వీడియోలో మొరపెట్టుకున్నారు. మన విమానాశ్రయాల్లో తనిఖీలు చేసే సీఐఎస్ఎఫ్ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. అంత పేరున్న మనిషే అలా వేడుకోవాల్సి వచ్చిందంటే నాకు ఇప్పటికీ మనసు కష్టంగా ఉంటుంది. పేరూ నోరూ లేనివాళ్ల మాటేమిటి?

ఇక మీ కీళ్లవాతం ఇంజెక్షన్ల సంగతి. చల్లగా ఉంచే జెల్ ప్యాకులతో సహా చేతి సంచీలోనే పెట్టుకోండి, పెద్ద పెట్టెలో వేయకండి. 100 మిల్లీలీటర్ల పరిమితి అవసరమైన మందులకు లేదు. అయితే బెల్టు దగ్గర విడిగా తీసి, ఇవి మందులని చెప్పాలి. డాక్టరు చీటీ ఇంగ్లీషులో రాయించుకోండి. అందులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో చూసుకోండి. ఇక్కడ విమానాశ్రయాల్లో తనిఖీలు చేసే టీఎస్ఏ సంస్థకు టీఎస్ఏ కేర్స్ అని ఒక సహాయ ఫోను ఉంది, ప్రయాణానికి 72 గంటల ముందు చేస్తే తనిఖీ దగ్గర సాయానికి మనిషిని అడగొచ్చు. మీ టికెట్టు ఖాయం కాగానే తేదీ, న్యూయార్క్‌లో దిగే సమయం, అక్కణ్నుంచి ఎక్కే విమానం నంబరు రాయండి. ఆ ఫోను మావాడు చేస్తాడు.

అన్నయ్యకు నమస్కారాలు.

మీ ఆడపడుచు