రైతు పేరు పెట్టుకున్న విమానం

అనకాపల్లి నుంచి తుని వైపు రైలులో పోతుంటే, సుమారు పాతిక కిలోమీటర్లు దాటేసరికి ఎలమంచిలి వస్తుంది. అదే మా ఊరు. కొండలు, వాటి మొదట్లో జీడిమామిడి తోటలు, పల్లంలో వరి, చెరకు, గట్ల మీద తాటిచెట్లు. ఇప్పుడు అనకాపల్లి జిల్లా అంటున్నాం గాని, నా చిన్నతనంలో అంతా విశాఖపట్నం జిల్లాయే.

1971 డిసెంబరులో నాకు పన్నెండేళ్ళు. పాకిస్తానుతో యుద్ధం జరుగుతున్నది. డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో, విశాఖపట్నం రేవు బయటనే పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. మా ఊరికి అరవై కిలోమీటర్ల దూరం! మా నాన్న సాయంత్రం కాగానే లాంతరు గాజుకు కాగితం చుట్టేవాడు. పెద్దలు రేడియో చుట్టూ చేరి వార్తలు వినేవారు. పిల్లలం ఆకాశం కేసి చూసేవాళ్ళం.

ఆ రోజులలోనే ఒకనాడు మా గేదె తాడు తెంచుకుని చెరకు తోటలో పడింది. చెరకు రెండు నిలువుల ఎత్తు ఉన్నది. లోపలికి వెళ్ళిన మా నాన్నకు గేదె కనబడదు, గేదె సంగతి సరేసరి, తానెక్కడున్నాడో కూడా తెలియదు. గట్టు మీద తాటిచెట్టెక్కి ఆకులు కొడుతున్న ఒక ముసలాయన ఇది చూసి, పైనుంచి కేకలు వేశాడు. “బాబూ! రైలు కట్ట వైపు నడు! ఇంకా... ఇంకా... ఇప్పుడు కొండ వైపు తిరుగు! పది అడుగులు!” ఇంతలో ఆకుల మధ్య కందిరీగలు లేచి ఆయనను కుట్టసాగాయి. ఆయన ఒక చేత్తో ముఖం కప్పుకున్నాడే గాని, కేకలు ఆపలేదు. గేదె గట్టెక్కిన తరువాతనే చెట్టు దిగాడు. అప్పటికి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది.

ఈ ముచ్చట నాకు మళ్ళీ గుర్తుకు వచ్చింది ఎక్కడో తెలుసా? రాజస్థాన్ ఎడారిలో, లోంగేవాలాలో!

ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్నాక, మనుమణ్ణి వెంటబెట్టుకుని, బళ్ళు మారి మారి జైసల్మేరు చేరాను. అక్కడినుంచి రాంగఢ్ మీదుగా నూట ఇరవై కిలోమీటర్లు మోటారులో వెళ్ళాలి. దారి పొడుగునా ఇసుక, ముళ్ళ పొదలు, అక్కడక్కడ ఒంటెలు. మా ఊళ్ళో నాలుగడుగులకు ఒక గుర్తు ఉంటుంది. ఇక్కడ ఒక ఇసుక దిబ్బను పోలిన ఇసుక దిబ్బ మరొకటి! లోంగేవాలాలో ఇప్పుడు యుద్ధ స్మారకం ఉన్నది. శత్రువుల ట్యాంకులను అక్కడ నిలబెట్టారు. ముట్టుకుంటే ఎండకు చెయ్యి చురుక్కుమంది.

1971 డిసెంబరు 4వ తేదీ రాత్రి ఇక్కడ ఉన్నది మన పంజాబు రెజిమెంటుకు చెందిన ఒక్క కంపెనీ మాత్రమే. సుమారు నూట ఇరవైమంది. వారి నాయకుడు మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురి. సరిహద్దు వద్ద గస్తీ తిరుగుతున్న లెఫ్టినెంటు ధరమ్ వీర్ దళానికి చీకటిలో ట్యాంకుల మోత వినవచ్చింది. నలభైకి పైగా ట్యాంకులు, వాటి వెనుక రెండువేల మందికి పైగా సైనికులు వస్తున్నారు. మన వాళ్ళ దగ్గర ట్యాంకులను కొట్టగల తుపాకులు బహు కొద్ది. అయినా చాంద్‌పురి స్థావరం వదలలేదు. రేడియోలో ఆయన పంపిన కబురు పైవారి ద్వారా జైసల్మేరు విమాన స్థావరానికి చేరింది.

అక్కడ హంటర్ యుద్ధ విమానాలు కొద్దిగా ఉన్నాయి. కాని వాటికి చీకట్లో నేల మీది ట్యాంకులను చూసి కొట్టే సాధనాలు లేవు. తెల్లవారితేనే వస్తామన్నారు.

ఇక్కడ భూగోళ పాఠం కొంచెం చెప్పకుండా ఉండలేను. పాత అలవాటు! మన దేశపు గడియారాలకు ఆధారమైన 82½ డిగ్రీల రేఖ ఎలమంచిలికి కాస్త పడమరగా పోతుంది. జైసల్మేరు అక్కడినుంచి దాదాపు పన్నెండు డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్క కట్టండి. దానికి తోడు చలికాలంలో ఉత్తరానికి పోయినకొద్దీ పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది. రెండూ కలిసి, డిసెంబరులో మా ఊళ్ళో సూర్యుడు కనిపించిన గంటకు గాని అక్కడ కనిపించడు. ఆ ఉదయం మా అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తున్న వేళకు, లోంగేవాలాలో ఆ నూట ఇరవైమంది ఇంకా చీకటిలో ట్యాంకుల గుండ్లకు ఎదురు నిలిచి ఉన్నారన్నమాట! మనుమడు ఈ లెక్క విని గడియారం చూసుకుని, చాలాసేపు మాట్లాడలేదు.

అయితే ఇసుక మనవారికి సాయం చేసింది. కొన్ని ట్యాంకులు మెత్తటి ఇసుకలో కూరుకుపోయాయి. ముళ్ళ తీగలు చూసి, నేలలో మందుపాతరలు ఉన్నాయేమోనని శత్రువులు చాలాసేపు ఆగిపోయారు. ఎట్లాగో తెల్లవారింది. హంటర్లు వచ్చాయి.

హంటరు మహా వేగంగా పోతుంది. గంటకు 720 కిలోమీటర్లు అనుకుందాం. అంటే సెకనుకు 200 మీటర్లు. ఆ వేగంతో ఎలమంచిలి నుంచి అనకాపల్లికి రెండు నిమిషాల పైచిలుకు! అంత జోరులో పైనుంచి చూసే పైలటుకు ట్యాంకు కనిపించీ కనిపించకుండానే వెనుకబడిపోతుంది. పైగా ధూళి, పొగ. కొద్ది దూరంలోనే మనవాళ్ళు కూడా ఉన్నారు. గురి తప్పితే ఏమవుతుందో మీరే ఊహించండి.

అందుచేత, చెరకు తోటలో మా నాన్నకు కావలసి వచ్చినట్టే, హంటర్లకూ ఒక కన్ను కావలసి వచ్చింది. ఆ కన్ను మేజర్ ఆత్మాసింగ్. ఆయన సైన్యానికి చెందిన పైలటు. నడిపిన విమానం పేరు కృషక్. కృషక్ అంటే రైతు! బెంగుళూరులోని మన విమానాల కర్మాగారంలో తయారైన ఈ విమానం 1959లో మొదటిసారి ఎగిరింది. ముందు ఒక చిన్న మర, గిరగిర తిరిగే ఒక పంకా. తుపాకీ లేదు, బాంబు లేదు. ఉన్న శక్తినంతా కూడగట్టుకున్నా గంటకు రెండువందల పది కిలోమీటర్లు దాటదు. అనకాపల్లికి ఏడు నిమిషాలు పడుతుంది. కాని అట్లా నెమ్మదిగా పోవటమే దాని గుణం. ఒకే చోట చుట్టూ తిరుగుతూ కింద ఏమేమి ఉన్నదో తీరికగా చూడవచ్చు. ఇలాంటి విమానాలు అసలు ఫిరంగి దళం కోసం ఏర్పడ్డాయి. గుండు ఎక్కడ పడిందో చూసి, ఇంకా ఎటు కొట్టాలో పైనుంచి చెప్పటం వాటి పని.

దారి చూపటానికి ఒక పద్ధతి ఉన్నది. ముందు ఇద్దరికీ తెలిసిన గుర్తు ఒకటి కావాలి. మా ఊళ్ళో రైలు కట్టా, కొండా ఉన్నాయి. ఎడారిలో అవి లేవు గదా! కాలుతున్న ట్యాంకు నుంచి లేచే పొగ ఉంటే అదే గుర్తు. దానికి ఏ దిక్కున, ఎన్ని గజాల దూరంలో మరొక ట్యాంకు ఉన్నదో రేడియోలో చెబుతారు. లేదా గడియారం భాషలో చెబుతారు. మీ ముక్కుకు ఎదురుగా ఉన్నది పన్నెండు గంటలు, కుడిచేయి వైపు మూడు, వీపు వెనుక ఆరు. ఇదేదో మీరు కూడా ఆడి చూడండి. ఒకరి కళ్ళకు గంతలు కట్టి, మరొకరు మిద్దె మీదనుంచి చెప్పాలి. తేలిక అనుకుంటారు. కాదు సుమా!

ఇక ఆయన పరిస్థితి చూడండి. ట్యాంకు కప్పు మీద విమానాలను కొట్టే మరతుపాకి ఉంటుంది. హంటరు ఒక్క దూకు దూకి, రాకెట్లు వదిలి, క్షణంలో తప్పుకుంటుంది. దారి చూపేవాడు అట్లా తప్పుకోరాదు. తప్పుకుంటే చూసేదెవరు? విమానం నడుపుతూ, కింద చూస్తూ, దూరాలు అంచనా వేస్తూ, రేడియోలో మాట్లాడుతూ, ఆ తుపాకుల పైనే తిరగాలి. నెమ్మదితనమే దాని గుణం అన్నాను. కాల్చేవాడికి కూడా అదే వరం! యుద్ధ కథలలో మనం గుండు వదిలినవాణ్ణి మెచ్చుకుంటాం. గుండు లేకుండా అక్కడ తిరిగినవాణ్ణి సినిమాలో అయినా సరిగా చూపరు.

హంటర్లు వంతులవారీగా వచ్చి కొట్టాయి. పాకిస్తాను విమానాలు వారి ట్యాంకులను కాపాడటానికి రాలేదు. ట్యాంకులు తప్పించుకోవటానికి ఇసుకలో గుండ్రంగా తిరిగాయి. ఆ చక్రాల జాడలు ఆకాశం నుంచి తీసిన ఫోటోలలో నేటికీ చూడవచ్చు. ముప్పైకి పైగా ట్యాంకులు పాడైపోయాయి, లేదా అక్కడే వదిలివేయబడ్డాయి. శత్రువులు వెనక్కు మళ్ళారు. చాంద్‌పురికి మహావీర చక్రం, ఆత్మాసింగ్‌కు వీర చక్రం ఇచ్చారు.

తరువాత చాలా ఏళ్ళకు, ఈ గెలుపు కిందివారిదా, పైవారిదా అని పెద్దలు వాదులాడుకున్నారు. నాకు ఆ వాదన రుచించదు. రాత్రంతా వీరు నిలవకపోతే తెల్లవారి వారు వచ్చి చేసేదేమిటి? వారు రాకపోతే మధ్యాహ్నం దాకా వీరు నిలిచేదెట్లా?

నేను ఇదంతా చెబుతుంటే మా మనుమడు ట్యాంకు నీడలో కూచుని విన్నాడు.

“ఆత్మాసింగ్ తిరిగి వచ్చాడా, తాతా?” అన్నాడు.

“వచ్చాడురా, క్షేమంగా వచ్చాడు.”

“మరి తాటిచెట్టు తాత కన్నో?”

“నాలుగు రోజులకు తెరుచుకున్నది. మా అమ్మ సున్నం రాసింది. ఆ చెట్టు కింది నుంచి పోయేటప్పుడల్లా మా నాన్న తల ఎత్తి చూసేవాడు, ఆయన పైన ఉన్నాడేమోనని.”

డ్రైవరు హారను కొట్టాడు. పొద్దు వాలుతున్నది. జైసల్మేరు ఇంకా నూట ఇరవై కిలోమీటర్లు!