వెచ్చని నేల, స్పర్శ లేని పాదం



హార్స్లీ హిల్స్ అనగానే అందరికీ వేసవి విడిదే గుర్తుకు వస్తుంది. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్స్లీ ఇక్కడ ఇల్లు కట్టించుకొన్నదీ ఎండల నుండి తప్పించుకొనడానికే. కాని సుమారు 1,265 మీటర్ల ఎత్తున్న ఈ కొండ మీదనే గాక, దిగువ పల్లెలలో కూడ మార్గశిర పుష్య మాసాల చలి వృద్ధులకు పరీక్షే. తెల్లవారుజామున గచ్చు మీద కాలు మోపితే చలి మోకాళ్ల దాకా పాకుతుంది.

కొండ దిగువన ఉన్న మా ఇంటికి బండలు మార్చే సందర్భంలో, కెనడాలో ఉన్న మా అబ్బాయి ఒక సలహా ఇచ్చాడు: బండల క్రింద విద్యుత్ తీగల చాప పరచి నేలనే వెచ్చగా ఉంచవచ్చునని. మా శ్రీమతి ఎంతో సంతోషించింది. "ఏమండీ, మంచు మీద నడిచినట్టుంటాది. ఆ పని తప్పకుండా చేయించండి" అన్నది.

ఆమెకు మధుమేహం వచ్చి ఇరవై రెండేళ్లు. సన్నని నైలాను పోగుతో తాకి చూస్తే బొటనవ్రేలి దగ్గర ఆమెకు స్పర్శ తెలియదు. మధుమేహం వలన నరాలు దెబ్బతిన్నవారు తరచు పాదాలు చల్లబడుతున్నాయని బాధపడుతారు. వారిలో చాలమందికి నిజమైన వేడి తగిలినా తెలియదు. వెచ్చదనాన్ని అందరికంటె ఎక్కువగా కోరేవారే దాని ప్రమాదాన్ని అందరికంటె తక్కువగా గుర్తించగలరు. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఇదే.

కాలడానికి నిప్పే అక్కరలేదు. 44 డిగ్రీల సెల్సియస్ వేడి చర్మాన్ని ఎడతెగక తాకుతూ ఉంటే సుమారు ఆరు గంటలలో గాయం చేయగలదు. స్పర్శ ఉన్నవారు నిద్రలోనైనా కాలు జరుపుకొంటారు. స్పర్శ లేనివారు ఉదయం బొబ్బ చూచి ఆశ్చర్యపోతారు. తరతరాలుగా వెచ్చని నేల మీద పడుకొనే అలవాటున్న కొరియాలో కూడ మధుమేహ రోగులకు ఇట్టి గాయాలు అయినట్లు వైద్యులు వ్రాశారు.

అట్లని ఈ పద్ధతిని నేను త్రోసిపుచ్చలేదు. తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకొనడం కంటె ఇది ఎంతో మేలు. కుంపటి నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వెచ్చని నేలకు పొగ లేదు.

చివరకు స్నానాలగదిలోను, మంచానికి దూరంగా ఆమె నడిచే దారిలోను, మొత్తం 4 చదరపు మీటర్ల మేరకే వేయించాము. చదరపు మీటరుకు 150 వాట్ల చొప్పున 600 వాట్లు. మూడు గంటలు ఆపకుండా నడిచినా 1.8 యూనిట్లే.

మీరు వేయించుకొనదలిస్తే ఈ సంగతులు గమనించండి.

గది గాలి వేడినే కాక, నేల వేడిని కూడ కొలిచే సెన్సారు ఉండాలి. మనుషులు మసలే చోట నేల 29 డిగ్రీలు దాటకూడదు. మా ఇంట్లో 27కే కట్టడి చేశాము.

ఆ నేల మీద పరుపు, మందపాటి తివాచీ వేయవద్దు. వేడి పైకి పోయే దారి లేక క్రిందనే పేరుకొంటుంది. పసిపిల్లలను కూడ అక్కడ పడుకోబెట్టవద్దు.

30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి సరఫరా తెగిపోయే రక్షణ పరికరం, సరియైన ఎర్తింగు తప్పనిసరి. బండలు వేయక ముందు, వేసిన తరువాత కూడ ఎలక్ట్రీషియను చేత తీగను పరీక్ష చేయించండి.

మధుమేహం ఉన్నవారు సంవత్సరానికి ఒక్కసారైనా పాదాల స్పర్శను వైద్యునిచేత పరీక్ష చేయించుకొనాలి. ప్రతి రాత్రి అరికాళ్లను చూచుకొనాలి. వంగలేనివారు అద్దం సాయం తీసుకొనవచ్చు. నేల వేడిగా ఉన్నదా అని పాదంతో కాదు, ముంజేతితో తాకి చూడండి. చేతికి కూడ స్పర్శ తగ్గినవారు ఇంట్లో మరొకరిని తాకి చూడమనండి.

మా శ్రీమతి ఇప్పుడు ఉదయం మేజోళ్లు వేసుకొని నిశ్చింతగా నడుస్తున్నది. రాత్రి ఆమె పాదాలు చూచే పని మాత్రం నాదే.