వేలూరు చెరలో సంపాదకుడు

గుడియాత్తంలో తెల్లవారగానే టీ కొట్టు ముందు పత్రిక విప్పే నేత కార్మికుడు మొదట తన ఊరి సంగతులు వెతుకుతాడు. నూలు ధర పెరిగిందా? కౌండిన్య నదికి నీరు వచ్చిందా? అయితే పత్రిక అంతటితో ఊరుకోదు. అతడెన్నడూ చూడని ఊళ్లలోని మనుషుల కష్టాలనూ అతని ముందుంచుతుంది. ఆ పని ఎంత విలువైనదో, ఎంత కష్టమైనదో వేలూరు కేంద్ర కారాగారం చరిత్ర చెబుతుంది.

1908 మార్చిలో దేశభక్తుడు వి.ఒ. చిదంబరం పిళ్లైని ఆంగ్ల ప్రభుత్వం నిర్బంధించింది. తిరునెల్వేలి ప్రజలు ఆగ్రహించారు. పోలీసులు కాల్పులు జరపగా నలుగురు మరణించారు. అక్కడికి ఎంతో దూరాన బెజవాడలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ‘స్వరాజ్య’ అనే తెలుగు వారపత్రికను నడుపుతున్నారు. అప్పటికి ఆయన వయస్సు 24 ఏళ్లు. మరణించినవారు తన ఊరివారు కారు, తన పత్రిక చదివేవారూ కారు. అయినా ఆయన మౌనంగా ఉండలేకపోయారు. ఆ దారుణాన్ని ఖండిస్తూ తన పత్రికలో రాశారు. ప్రభుత్వం దానిని రాజద్రోహమన్నది. కింది న్యాయస్థానం ఆరు నెలల శిక్ష విధించగా, మద్రాసు హైకోర్టు దానిని మూడేళ్లకు పెంచింది. వేలూరు చెరసాలలో ఆ సంపాదకుణ్ణి తల గొరిగించి, దొంగల మధ్య ఉంచారు. తమిళనాట చిందిన నెత్తురు కోసం ఒక తెలుగు కలం ఆ తమిళనాటనే శిక్ష అనుభవించింది.

అయితే ధైర్యం ఒక్కటే చాలదు. విలేకరికి జాగ్రత్త కూడా ఉండాలి. కౌండిన్య పొంగుతోందని ఎవరో అన్న మాట పట్టుకొని అచ్చు వేస్తే, జనం పిల్లాపాపలతో పరుగులు తీస్తారు. నిజంగా పొంగుతున్నప్పుడు చెప్పకపోతే ప్రాణాలే పోతాయి. అందుచేత విలేకరి ఏటి ఒడ్డుకు వెళ్లి కళ్లారా చూడాలి. అధికారినీ అడగాలి, ఒడ్డున గుడిసె వేసుకొన్నవారినీ అడగాలి. పొరపాటు జరిగితే మరునాడే దిద్దుకోవాలి. ప్రకటనలిచ్చేవారికి వెరచి నిజాన్ని దాచరాదు.

ఈనాడు చేతిలో ఫోను ఉన్న ప్రతివారూ క్షణంలో వార్తను పంపగలరు. కనుక ఈ బాధ్యత విలేకరులది మాత్రమే కాదు. వచ్చిన వార్త నిజమో కాదో విచారించకుండా పదిమందికి పంపరాదు. వేలూరు, గుడియాత్తం ప్రాంతాల తెలుగు పిల్లలకు ఇందులో ఒక సదుపాయం ఉంది. ఒకే వార్తను తెలుగులోనూ తమిళంలోనూ చదివి, పోల్చి చూడగలరు.

చెర నుండి వచ్చిన హరిసర్వోత్తమరావు తరువాతి కాలంలో గ్రంథాలయోద్యమానికి ఎంతో కృషి చేశారు. నిజం రాసేవారు ఎంత అవసరమో, చదివి ఆలోచించేవారూ అంతే అవసరం.