వీరాపురం కొంగలు

ఉగాది వెళ్ళిన ఆదివారంనాడు మేమిద్దరం బాగేపల్లి నుంచి వీరాపురం వెళ్ళి వచ్చాము. హైదరాబాదు రోడ్డున పోయి, కొడికొండ దగ్గర చిలమత్తూరు వైపు తిరగాలి. ఆ ప్రాంతం 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. ఎల్లదాటగానే బోర్డుల మీద కన్నడం పోయి తెలుగు వచ్చింది గాని, మనుషుల మాట మారలేదు.

ఊళ్ళో ఇళ్ళ నడుమ చింతచెట్ల నిండా ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టినవి. పసుపుపచ్చని ముక్కు, తోక దగ్గర గులాబిరంగు ఈకలు. ఇవి సైబీరియా నుంచి వస్తాయని మన వైపు చెప్పుకుంటారు. అది పొరపాటు. ఇవి మన దేశపు పక్షులే. నీళ్ళూ మేతా చూచుకుని యేటా చలికాలం చివర ఇక్కడ చేరి, పిల్లలకు రెక్కలు వచ్చాక వెళ్ళిపోతాయి.

ఒక అరుగు మీద కూర్చుని గంటసేపు ఒకే గూడు చూచాను. ఆడది యేదో, మగది యేదో తెలియదు. రెండింటిదీ ఒకే పోలిక. ఒకటి గూటిలో కాపుంటే రెండవది చెరువుకు పోతుంది. అక్కడ ముక్కు సగం తెరచి నీళ్ళలో పెట్టి, చేప తగలగానే మూసేస్తుంది. తిరిగి వచ్చి గూటిలో కక్కితే పిల్లలు తింటాయి. అప్పుడు మొదటిది లేచిపోతుంది. పొదిగే నెల రోజులూ, పెంచే రెండు నెలలూ ఇవే వంతులు. పెద్దవాటికి అరుపు లేదు. ముక్కులు టకటకలాడించి పలకరించుకుంటాయి. ఎండ పిల్లల మీద పడగానే కాపున్న కొంగ రెక్కలు విప్పి నీడపట్టింది. దానికి మాత్రం నీడ లేదు.

“చింతకాయ దులుపుకోరా, అవ్వా?” అని మా ఆవిడ ఆ యింటి ముసలమ్మను అడిగింది.

“రాలింది యేరుకుంటామమ్మా. పురిటికి వచ్చిన ఆడబిడ్డను లేపి మంచం దులుపుతామా?” అన్నది.

ఆ అవ్వ యింటి పెంకులన్నీ రెట్టలతో తెల్లబడినవి. చేపకంపు సరేసరి. అయినా విసుగుమాట ఒక్కటి వినలేదు. ఆమె బెంగ వేరు: “ఈ చెట్లు మా పెద్దలు పెట్టినవి, ముసలివైనాయి. కొత్తవి పెట్టేవాళ్ళేరీ?”

తిరిగి వస్తూ మా ఆవిడ గుప్పెడు చింతగింజలు తెచ్చింది. వానలు పడగానే మా చెరువుగట్టున పెట్టాలని మా యత్నం. మీరూ ఒకసారి వీరాపురం వెళ్ళి రండి. చెట్ల కింద చప్పట్లు మాత్రం కొట్టకండి.