ఉప్పు గుళికలు

జులై 6, 2025. ఆదివారం

పాపకి మళ్లీ తలపోటు. మధ్యాహ్నం నుంచి తలుపులు బిగించుకుని పడుకుంది. కుడి కణత మీద సుత్తితో కొడుతున్నట్టుందట. రెండు వాంతులు. యార్డులో ఇంజను కూత వేసినప్పుడల్లా దిండు చెవులకి అదుముకుంటోంది. కొత్తవలసలో కూత వినపడని గంట ఏది? ఒకపక్క హౌరా లైను, ఇంకోపక్క కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సులు.

విశాఖలో న్యూరాలజిస్టు కిందటి నెలే చూశారు. కళ్లలోకి లైటు వేసి, మోకాళ్లు తట్టి, నడిపించి, మైగ్రేనే, స్కాను అక్కర్లేదన్నారు. పోటు మొదలవగానే ఇబుప్రొఫెన్ వేసెయ్యాలి. కానీ నెలలో పదిహేను రోజులు నొప్పి మాత్రలు మింగితే ఆ మాత్రలే కొత్త తలనొప్పి తెచ్చిపెడతాయట. రోజూ వాడే మందు సంగతి ఎత్తేసరికి వాళ్లమ్మ ఒప్పుకోలేదు. "పదో తరగతి పిల్ల క్లాసులో తూగుతూ కూర్చోవాలా?" అంది. అత్తగారు హోమియో అన్నారు. "అల్లు రామలింగయ్య గారు కూడా ఈ మందులే ఇచ్చీవోరట బాబూ." అది నిజమే. రాజమహేంద్రవరంలో ప్రభుత్వ హోమియో కళాశాలకి ఆయన పేరే పెట్టారు.

జులై 13

హోమియో డాక్టరుగారి దగ్గర గంటసేపు కూర్చున్నాం. ఆయన నాతో మాట్లాడింది తక్కువ, అంతా పాపనే అడిగారు. ఎండలో ఎక్కువవుతుందా? పొద్దెక్కే కొద్దీ పెరిగి, పొద్దు వాలాక తగ్గుతుందా? ఉప్పు ఇష్టమా? (పచ్చి మామిడికాయ ముక్క ఉప్పులో అద్దుకుని తింటుంటే రోజూ చూస్తూనే ఉన్నాం.) చివరికి, "ఏడుస్తున్నప్పుడు ఎవరైనా ఓదారిస్తే నచ్చుతుందా?" అన్నారు.

పాప తల వంచుకుని, "లేదండీ. ఇంకా కోపం వస్తుంది. అమ్మ తల నిమురుతుంటే చెయ్యి తోసెయ్యాలనిపిస్తుంది. ఊరుకుంటాను" అంది.

వాళ్లమ్మ మొహం చూడలేకపోయాను.

ఆయన చిన్న ప్లాస్టిక్ సీసాలో తెల్లటి పంచదార గుళికలు పోసి, స్పిరిటు వాసన గుప్పుమనే మందు నాలుగు చుక్కలు వేసి, మూత బిగించి అరచేతికేసి కొట్టారు. చీటీ మీద నేట్రమ్ మ్యూర్ 200. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. నేట్రమ్ మ్యూర్ అంటే సోడియం క్లోరైడ్, వంటింటి ఉప్పు. దాన్ని వందలో ఒక వంతు చొప్పున రెండువందల సార్లు పలచన చేస్తారు. ఒక మోల్‌లో ఉండేవి 6.022 × 10²³ కణాలు. పన్నెండో మెట్టు దాటేసరికే మొదటి ఉప్పు ఒక్క రేణువైనా మిగలడం అనుమానం. ఆ సీసాకి నా వేలి చెమట తగిలితే అంతకంటే ఎక్కువ ఉప్పు అంటుతుంది. హానెమన్ ఈ వైద్యం గురించి మొదట రాసింది 1796లో. ఈ మోల్ అంకెకి మూలమైన ప్రతిపాదన అవొగాడ్రో చేసింది 1811లో. అప్పటికి హానెమన్‌కి అది తెలిసే వీలు లేదు. మనకి మాత్రం తెలుసు.

ఆగస్టు 10

క్యాలెండరు మీద తలపోటు రోజులకి పాప ఇంటూ గుర్తు పెడుతోంది. గుర్తులు పలచబడ్డాయి. అత్తగారి మొహం వెలిగిపోతోంది.

రాత్రి కూర్చుని చదివాను. మైగ్రేన్‌కి హోమియో మందు, ఉత్తుత్తి గుళికలు పక్కపక్కన పెట్టి లండన్‌లో అరవైమంది మీద చూశారు, 1997లో అచ్చయింది. చెప్పుకోదగ్గ తేడా లేదు. అక్కడితో ఆగిపోతే నా పక్షం గెలిచినట్టే. ఆగలేదు. అమెరికాలో 8 నుంచి 17 ఏళ్ల పిల్లలు 361 మందిని తీసుకుని అమిట్రిప్టిలిన్, టోపిరమేట్, ఉత్తుత్తి మాత్రలు పోల్చారు, 2017లో అచ్చయింది. తలనొప్పి రోజులు సగానికి తగ్గినవాళ్లు మొదటి మందుతో 52 శాతం, రెండోదానితో 55, ఉత్తుత్తి మాత్రతో 61! మందులకి దుష్ఫలితాలు అదనం. అసలు మందే పిల్లల్లో ఖాళీ మాత్రని దాటలేకపోతే నేనెవర్ని గుళికల్ని వెక్కిరించడానికి?

అయినా రెండు అనుమానాలు వదలవు. పోటు మరీ ముదిరినప్పుడే కదా ఎవరైనా డాక్టరు దగ్గరికి పరుగెత్తేది, ఆ తర్వాత ఏం చేసినా కొంత దిగుతుంది. రెండోది, గుళికలు వేళకి వేసుకోవాలని పాప వేళకి లేస్తోంది, టిఫిను తిని స్కూలుకెళ్తోంది. కాఫీ మానింది.

అక్టోబర్ 7. విజయనగరం సిరిమాను

జనం, ఎండ, డప్పులు. తొందరలో పాప ఏమీ తినకుండా బయల్దేరింది. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగింపు చూశాక తిరుగు దారిలో కణత పట్టుకుంది. అరటిపండు తినిపించి ఇబుప్రొఫెన్ వేశాను. గుళికలు కూడా నాలుక మీద వేసుకుంది. కొత్తవలస చేరేసరికి లేచి కూర్చుంది. "చూశావా, గుళికలే" అని వాళ్లమ్మ. ఇబుప్రొఫెన్‌కి మా ఇంట్లో ఎప్పుడూ పేరు రాదు.

నవంబర్ 16

పాప మోల్ లెక్కలు చేస్తూ హఠాత్తుగా అడిగింది. "నాన్నా, హోమియోలో 200 అంటే 30 కంటే పవర్ ఎక్కువా?"

దాయలేదు. కాగితం ఇచ్చి, 200 అంటే ఎంత పలచనో లెక్క వెయ్యమన్నాను. 10 మీద ఘాతంగా 400 వచ్చింది. కాసేపు చూసింది. "అంటే పంచదారే?"

"పంచదారే."

"మరి ఆయన అడిగినవన్నీ నిజాలే కదా."

దానికి నా దగ్గర లెక్క లేదు. ఈమధ్య పోటు వస్తే వాళ్లమ్మ గదిలోకి వెళ్లదు. గ్లాసుతో నీళ్లు గుమ్మం దగ్గర పెట్టి వచ్చేస్తుంది.

పరీక్షలు దగ్గరపడుతున్నాయి. పోటు వస్తే మాత్ర వేసుకుని అరగంట స్టాఫ్‌రూంలో పడుకోనివ్వమని రేపు క్లాసు టీచరుగారికి ఉత్తరం రాయాలి. జ్వరం, మెడ పట్టెయ్యడం, చూపు తేడా, చెయ్యి తిమ్మిరి ఏది కనిపించినా గుళికలనీ మాత్రలనీ చూడకుండా వెంటనే ఫోను చెయ్యమని కూడా అందులోనే.