పదకొండో వచనానికి ముందు

డిసెంబర్ 31 రాత్రి చర్చిలో వాగ్దానం కార్డులు తీసేవాళ్ళకి యిర్మీయా 29:11 కొత్త కాదు. మీ మేలు కోరే ఆలోచనలే నావి అని దేవుడు చెప్పే మాట. క్యాలెండర్ల మీదా, ఆటోల వెనకా కనిపిస్తూనే ఉంటుంది. నిజానికి అది ఒక ఉత్తరంలోని మాట. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి బబులోనుకి పట్టుకుపోయిన వాళ్ళకి ప్రవక్త రాసిన ఉత్తరం.

ముందు అధ్యాయంలో హనన్యా రెండేళ్ళలో అందరూ తిరిగొస్తారన్నాడు. యిర్మీయా మాత్రం 70 ఏళ్ళన్నాడు, అదీ సరిగ్గా 10వ వచనంలో! అంటే విన్న పెద్దవాళ్ళలో చాలామంది అక్కడే కన్నుమూస్తారు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చేయండి, చెరలో ఉన్న ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి అంటాడు. నాకు ఈ చివరిదే అన్నిటికన్నా కష్టంగా తోస్తుంది. (కార్డు మీద దాన్నెవరూ వేయరు.)

మా పిన్ని కొడుకు గల్ఫ్ వెళ్ళి ఆరేళ్ళు. ఆవిడ ఆ వచనం పట్టుకునే రోజులు లెక్కపెడుతోంది. మొన్న అధ్యాయం మొదట్నుంచీ చదివి వినిపించాను, నమ్మకం చెదురుతుందేమోనని భయపడుతూనే. డెబ్బై దగ్గర ఆపి మళ్ళీ చదవమంది. కాసేపు ఏం మాట్లాడలేదు.

"అయితే వాడి పెళ్ళి సంగతి చూడాలిరా. వచ్చేశాక చేద్దామని ఆపాం కదా" అంది.